చెక్క పోయింది, గోడ మిగిలింది: రోమన్ల ఇంట్లో అసలు ఏముండేది?

ఇటలీలో అగ్నిపర్వతపు బూడిద కింద పూడిపోయిన రోమన్ ఊరు పాంపీ తవ్వకాల్లో కొత్త గది బయటపడ్డప్పుడల్లా దాని ఫొటోలు మన ఫోన్ల దాకా వచ్చేస్తున్నాయి. 2024 ఏప్రిల్‌లో చూపించిన నల్లగోడల విందుగది చాలామందికి గుర్తుండే ఉంటుంది. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. గోడల మీద ట్రాయ్ యుద్ధగాథలోని హెలెన్, పారిస్, అపోలో, కసాండ్రా. కింద పది లక్షలకు పైగా చిన్న తెల్లరాళ్ళు పేర్చిన నేల. ఆ రంగులు చూసి ముచ్చటపడ్డవాళ్ళే కాసేపటికి అడుగుతారు: ఇంత గదిలో కూర్చోవడానికి ఒక్క కుర్చీ కూడా లేదేం?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు ప్రచారంలో ఉన్నాయి. రోమన్లకు సామాను తక్కువ, గోడలనే అలంకరించుకునేవాళ్ళు అన్నది ఒకటి. సామాను బోలెడు ఉండేది, అగ్నిపర్వతం మింగేసింది అన్నది రెండోది. రెండింట్లోనూ నిజం ఉంది, కానీ ఏ ఒక్కటీ సరిపోదు. రోమన్ ఇంటి గురించి మనకు తెలిసిందంతా ఏ పదార్థం ఎక్కడ, ఎలా నిలిచింది అన్నదాని మీద ఆధారపడి ఉంది. రాయి మిగిలింది. కంచు మిగిలింది. సున్నం మీది రంగు మిగిలింది. ఇంటి నిండా ఉన్న చెక్క, గుడ్డ, తాడు, తోలు దాదాపు మొత్తం పోయాయి. అందుకే ముందు చెక్క సంగతి చూడాలి.

## రెండు ఊళ్ళు, చెక్కకు రెండు గతులు

క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు పాంపీ మీద మొదట గంటల తరబడి తేలికపాటి నురుగురాళ్ళు కురిశాయి. ఆ తర్వాత వేడి బూడిద ముంచెత్తింది. అందులో కూరుకుపోయిన చెక్క కాలక్రమంలో కుళ్ళిపోయింది. చుట్టూ ఉన్న బూడిద అప్పటికే గట్టిపడటంతో మంచం ఉన్నచోట మంచం ఆకారంలో, తలుపు ఉన్నచోట తలుపు ఆకారంలో బోలు మిగిలింది. 1863లో తవ్వకాల అధికారి జుసెప్పె ఫియొరెల్లి ఆ బోళ్ళలో ప్లాస్టర్ పోయించే పద్ధతిని స్థిరపరిచాడు. మనుషుల శరీరాల అచ్చులకు ఈ పద్ధతి ప్రపంచప్రసిద్ధమైంది గానీ, తలుపులు, పెట్టెలు, మంచాలు కూడా ఇలాగే బయటపడుతున్నాయి. తవ్వేటప్పుడు కింద బోలు తగిలితే పని ఆపుతారు. చిన్న రంధ్రం గుండా ప్లాస్టర్ నింపుతారు. అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న బూడిదను మెల్లగా ఒలుస్తారు. పలక మీది గాట్లు, తాడు పేనిన పురి కూడా అందులో కనిపిస్తాయి.

పక్క ఊరు హెర్క్యులేనియంలో జరిగింది వేరు. అక్కడ సుమారు 20 మీటర్ల మందాన వేడి బూడిద, వాయువులు, బురద కలిసిన పదార్థం ఊరిని పూడ్చేసింది. మన ఊళ్ళలో బొగ్గుల బట్టీ పెట్టేవాళ్ళకు ఈ కిటుకు తెలుసు: కట్టెల మీద మట్టి కప్పి గాలి తగలకుండా కాలిస్తే బూడిద మిగలదు, బొగ్గు మిగులుతుంది, కట్టె ఆకారం చెక్కుచెదరదు. హెర్క్యులేనియం మొత్తం అలాంటి బట్టీ అయింది. మంచాలు, బల్లలు, బీరువాలు, ఒక ఉయ్యాలతొట్టి కూడా బొగ్గయి నిలిచాయి. అక్కడ ఒక ఇంటికి పేరే ‘చెక్క తడిక ఇల్లు’. ముందరి హాలుకూ యజమాని కూర్చునే గదికీ మధ్య మడత తలుపుల్లా తెరిచి మూసే నిలువెత్తు చెక్క అడ్డు ఇప్పటికీ నిలబడి ఉంది. ఆ అడ్డు బొగ్గవకుండా కుళ్ళిపోయి ఉంటే, రోమన్ల ఇంట్లో హాలుకూ గదికీ మధ్య ఏమీ ఉండేది కాదని మనం పుస్తకాల్లో రాసుకునేవాళ్ళం.

ఈ రెండు ఊళ్ళు కాక మిగతా రోమన్ ప్రపంచంలో దొరికేవి ఎక్కువగా కంచు కోళ్ళు, ఎముక తొడుగులు, పాలరాతి కాళ్ళు. మ్యూజియంలో నిండుగా కనిపించే రోమన్ మంచం చాలాసార్లు పాత లోహానికి కొత్త చెక్క జోడించినదే. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఎముక చెక్కడాలు, రంగు గాజు పలకలు పొదిగిన మంచం, దాని ముందు కాలిపీట ఉన్నాయి. చూడటానికి కళ్ళు చెదురుతాయి. అవి ముక్కల నుంచి తిరిగి కూర్చినవి. ఆ చదరపు గాజు పలకలు మొదటి నుంచీ ఆ మంచానివేనని గట్టిగా చెప్పలేమని మ్యూజియమే ఒప్పుకుంటుంది.

## మంచం, పీట, బల్ల, భోషాణం, అలమార

రోమన్ ఇంటి సామాన్లలో అన్నిటికంటే ముఖ్యమైనది ‘లెక్టస్’. దాన్ని మంచం అని అనువదిస్తే సగమే చెప్పినట్టు. పడుకోవడానికి లెక్టస్, ఒరిగి చదువుకోవడానికి లెక్టస్, విందు తినడానికి లెక్టస్, పెళ్ళికి గుర్తుగా హాల్లో వేసే లెక్టస్, చివరికి శవాన్ని ఉంచేదీ లెక్టసే. ధనవంతుల మంచాలకు తలవైపు వంపు తిరిగిన కొమ్ములాంటి ఆసరా ఉండేది. దాని పేరు ‘ఫుల్క్రమ్’. దాని చివర ఒక కంచు తల అతికించేవారు. ఆ తల చాలాసార్లు ద్రాక్షతీగలు చుట్టుకున్న కంచరగాడిదది! మద్యదేవుడు డయోనిసస్‌కూ గాడిదకూ కథల్లో సంబంధం ఉంది కాబట్టి విందు మంచానికి అది తగిన అలంకారం.

‘సెల్లా’ అంటే వీపు ఆనించుకోవడానికి లేని పీట. మడిచే పీటల్లో దంతంతో చేసినది ఉన్నతాధికారుల హోదాకు గుర్తు. వీపు ఆనించే కుర్చీ ‘కాథెడ్రా’, ఎక్కువగా స్త్రీలకు, పాఠం చెప్పే గురువులకు. తర్వాత బిషప్పు కూర్చునే కుర్చీకి ఆ పేరే నిలిచి, ఆ కుర్చీ ఉన్న చర్చి కథీడ్రల్ అయింది.

‘ఆర్కా’ అంటే ఇనుము, కంచు పట్టీలు కొట్టిన పెద్ద పెట్టె. మన భోషాణమే. తేడా ఎక్కడంటే, మనవాళ్ళు భోషాణాన్ని లోపలి గదిలో పెట్టి దాని మీదే పక్క వేసుకునేవారు. రోమన్ ధనికుడు దాన్ని ముందరి హాల్లో, వచ్చేపోయేవాళ్ళందరికీ కనిపించేలా పెట్టేవాడు. పాంపీలో వెట్టీల ఇంటి హాల్లో అలాంటి పెట్టెలు రెండున్నాయి. ఆ ఇంటి యజమానులైన ఇద్దరు వెట్టియస్‌లు బానిసత్వం నుంచి విడుదలై వ్యాపారంలో పైకొచ్చినవాళ్ళని పండితులు అనుకుంటున్నారు. వాళ్ళకు డబ్బు ఉండటమే కాదు, ఉందని తెలియడమూ అవసరమే.

ఇక ‘ఆర్మారియం’. తలుపులున్న నిలువు బీరువా. మొదట ఆయుధాలు పెట్టుకునేది. గొప్ప కుటుంబాలు పూర్వీకుల మైనపు ముఖాలను కూడా ఇలాంటి బీరువాల్లోనే హాల్లో భద్రపరిచేవి. ఆ లాటిన్ మాట పోర్చుగీసులో ‘అర్మారియు’ అయింది. పోర్చుగీసువాళ్ళు మన తీరాలకు వచ్చాక భారతీయ భాషల్లోకి దిగి, తెలుగులో ‘అలమార’గా స్థిరపడింది. గోడలో గూటికి అడ్డంగా పలకలు వేసి తలుపు పెట్టినదాన్ని మనం రోజూ పిలిచే పేరు రెండు వేల ఏళ్ళ నాటి రోమన్ వడ్రంగి నోట పలికిన మాటే.

## విందుగదిలో ఎంత సామాను పట్టేది?

‘ట్రిక్లీనియం’ అంటే మూడు మంచాలు. మంచాలు మూడు కాబట్టి ఆ గదికీ అదే పేరు. ఒక లెక్క వేసి చూద్దాం. గదికి మూడు వైపులా మూడు వెడల్పాటి మంచాలు వేసి, నాలుగో వైపు వడ్డించేవాళ్ళు రావడానికి ఖాళీ వదలాలి. ఒక్కో మంచం మీద ముగ్గురు, మొత్తం తొమ్మిదిమంది. అందరూ ఎడమ మోచేయి మెత్త మీద ఆనించి ఏటవాలుగా ఒరుగుతారు, కుడిచేత్తో తింటారు. మధ్యలో చిన్న గుండ్రటి బల్ల ఒక్కటి.

కూర్చునే చోటు కూడా హోదాను బట్టే. మధ్య మంచానికి చివరి చోటు ముఖ్య అతిథిది, దాని పేరే కాన్సుల్ స్థానం. దాని పక్కనే మూడో మంచం మొదట్లో ఇంటి యజమాని ఒరుగుతాడు, ఇద్దరూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకోవడానికి వీలుగా. కార్యాలలో పంక్తి మొదట ఎవరిని కూర్చోబెట్టాలో తర్జనభర్జన పడ్డవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది.

అంటే తొమ్మిదిమంది పెద్దమనుషుల విందుకు కావలసిన సామాను మూడు మంచాలు, ఒక బల్ల, ఒకటి రెండు దీపపు సెమ్మెలు. చెక్కమంచాలు కుళ్ళిపోయాక ఆ గది మన కంటికి ఖాళీ గదే. కొన్ని ఇళ్ళ తోటల్లో మంచాలను కూడా రాయీ సున్నంతో కట్టేశారు. అవి నేటికీ ఉన్నాయి. వాటి వల్లే చెక్కమంచాలు ఏ కోణంలో వేసేవారో మనకు స్పష్టంగా తెలుస్తోంది.

విందుగదిలో గోడలకు నల్లరంగు ఎందుకు? తవ్వినవాళ్ళు చెప్పే కారణం సాదాసీదాగా ఉంది: సూర్యాస్తమయం తర్వాత నూనె దీపాలు వెలిగిస్తే గోడలకు మసి పడుతుంది. నలుపు మీద మసి కనపడదు.

## ఒక బల్ల ఖరీదు: 555 ఏళ్ళ జీతం

విలాసపు సామాను రోముకు ఎప్పుడొచ్చిందో రోమన్ చరిత్రకారులు ఏడాదితో సహా చెప్పారు. క్రీ.పూ. 187లో గ్నేయస్ మాన్లియస్ వుల్సో ఆసియా మైనర్‌లో గెలిచి వచ్చిన ఊరేగింపులో కంచు మంచాలు, ఒంటికాలి బల్లలు, ఖరీదైన దుప్పట్లు వచ్చాయని లివీ రాశాడు. ఆ రోజు నుంచే రోమన్ల బుద్ధి చెడిందని ఆయన బాధ. ఇందులో నీతిబోధ పాలు ఎక్కువని నా అభిప్రాయం. ఒక్క ఊరేగింపుతో ఒక జాతి ఇళ్ళు మారిపోవు. కానీ గ్రీకు ప్రపంచంతో యుద్ధాలు చేసిన క్రీ.పూ. రెండో శతాబ్దంలో సామాను మారిందన్న మాట మాత్రం నిజం.

అన్నిటికంటే వెర్రి ముదిరింది సిట్రస్ చెక్క బల్లల మీద. పేరు చూసి నిమ్మజాతి అనుకోకూడదు. అది ఉత్తర ఆఫ్రికాలో అట్లాస్ కొండల్లో పెరిగే సరుగుడు పోలికల చెట్టు. దాని వేరు దగ్గరి బుడిపెను అడ్డంగా కోస్తే చారలు, సుడులు తిరిగిన గీతలు వస్తాయి. పొడుగు చారలుంటే పులిబల్ల, చుక్కలూ సుడులూ ఉంటే చిరుతబల్ల అని పిలిచేవారు. రోమన్ రచయిత పెద్ద ప్లినీ వీటి ధరలు రాసిపెట్టాడు. రాజకీయ నాయకుడు సిసిరో కొన్న బల్ల 5 లక్షల సెస్టర్సులు (సెస్టర్స్ అంటే రోమన్ నాణెం). ఆసినియస్ గాలస్ బల్ల 10 లక్షలు. జూబా రాజు బల్లను వేలంలో 12 లక్షలకు కొన్నారు. ఇంకొక బల్ల 13 లక్షలు పలికి, అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ఈ అంకెలకు అర్థం తెలియాలంటే మామూలు మనిషి సంపాదన పక్కన పెట్టాలి. తొలి చక్రవర్తి అగస్టస్ కాలంలో రోమన్ సైనికుడి జీతం ఏడాదికి 900 సెస్టర్సులు. అయిదు లక్షలను తొమ్మిది వందలతో భాగిస్తే 555. అంటే తిండీ బట్టా మానేసి, ఆ సైనికుడు 555 ఏళ్ళు కొలువు చేస్తే సిసిరో బల్ల కొనగలడు. ముత్యాలకు తగలేస్తున్నావని మగవాళ్ళు ఆడవాళ్ళను అంటే, నీ బల్లల సంగతేమిటని వాళ్ళు ఎదురు అడిగేవారని కూడా ప్లినీయే రాశాడు. ఆ ఒక్క వాక్యంలో రోమన్ సంసారం మొత్తం వినిపిస్తుంది నాకు.

ధర గొప్పదే, కానీ చేతులు మారని వస్తువు లేదు. పాంపీలో ఓ మోస్తరు ఇంటి హాల్లో తెల్ల పాలరాతి బల్లకాళ్ళు మూడు నిలబడి ఉన్నాయి. ఒక్కోటి సింహం తలతో మొదలై సింహం పంజాతో నేల తాకుతుంది. దాని మీద చెక్కిన పేరు పి. కాస్కా లాంగస్. జూలియస్ సీజర్‌ను మొట్టమొదట పొడిచిన మనిషి పబ్లియస్ సెర్విలియస్ కాస్కా లాంగస్. హంతకుల ఆస్తులు జప్తు చేసి వేలం వేసినప్పుడు అతని బల్ల చేతులు మారుతూ పాంపీ చేరిందని పండితుల ఊహ. వంద ఏళ్ళకు పైగా ఆ కుటుంబం, లేదా కుటుంబాలు, సీజర్ హంతకుడి పేరున్న బల్లను హాల్లో నీటితొట్టి పక్కనే ఉంచుకున్నాయి. పేరు చెరిపేయలేదు. భయపడ్డారో, గొప్పగా చెప్పుకున్నారో! వచ్చిన అతిథికి ఆ పేరు చూపించి కథ చెప్పకుండా ఉన్నారంటే నేను నమ్మలేను.

## మధ్యతరగతి ఇల్లు, బానిసల గది

ఇంతవరకు చెప్పినవి డబ్బున్నవాళ్ళ కబుర్లు. ఈ పదేళ్ళ తవ్వకాల్లో నాకు విలువైనవిగా అనిపించేవి రెండు సాదా చోట్లు.

2018లో పాంపీలో ఒక ఇంటి పెరటి గోడ బయటపడింది. దేవుడి గూడు, దాని చుట్టూ పాములు, పచ్చని చెట్లు, నెమలి బొమ్మలు. ‘లరేరియం’ అంటే ఇంటిదేవతల గూడు. 2022 ఆగస్టులో ఆ ఇంటి లోపలి గదులు, వాటిలోని సామాను చూపించారు. మూత తెరిచి వదిలేసిన చెక్క పెట్టె, మంచం, బీరువా, ముక్కాలి బల్ల మీద చిన్న చిన్న గాజు సీసాలు. వాళ్ళ పెరటి గుడి అంత ఘనంగా ఉందా, ఇంట్లో అయిదు గదులకు మాత్రం బొమ్మలు వేయించే స్తోమత లేకపోయింది. వచ్చినవాళ్ళు చూసేచోట ఖర్చు పెట్టి, మనం పడుకునేచోట సర్దుకోవడం. ఆ లెక్క మనకు కొత్త కాదు.

రెండోది పాంపీ గోడల బయట చివితా జూలియానా అనే చోట, ఒక పెద్ద విల్లాలో 2021లో దొరికిన గది. 16 చదరపు మీటర్లు. పైన ఒకే ఒక చిన్న కిటికీ. గోడలకు రంగు లేదు. మూడు మంచాలు: రెండు 1.70 మీటర్లవి, ఒకటి 1.40 మీటర్లది. చిత్రిక కూడా సరిగా పట్టని పలకలు, మధ్యలో తాడు అల్లిక. అచ్చంగా నులక మంచం. ప్లాస్టర్ అచ్చులో తాడు వరసలు, దాని మీద నలిగిన దుప్పటి మడతలు కనిపిస్తాయి. మంచాల కింద కుండలు, మూలల్లో ఎనిమిది పెద్ద కూజాలు, గుర్రపు జీను సామాను ఉన్న పెట్టె. బానిసల కుటుంబం ఉన్న గదనీ, చిన్న మంచం బహుశా పిల్లవాడిదనీ తవ్వినవాళ్ళు అంటున్నారు. పడకగదీ సామాన్ల కొట్టూ ఒకటే.

## గోడ చేసిన పని

చెక్క తక్కువగా ఉన్న గదికి నిండుదనం తెచ్చింది గోడ. పద్ధతి ఫ్రెస్కో: తడి ఆరని సున్నపు పూత మీద రంగు వేస్తే, సున్నం గట్టిపడేటప్పుడు రంగు అందులో బందీ అవుతుంది. గోడకు ఇసుక సున్నం మూడు పూతలు, పాలరాతి పొడి సున్నం మూడు పూతలు వేయాలని వాస్తుశిల్పి విట్రూవియస్ చెప్పాడు. పాంపీ గోడలన్నీ ఆ లెక్కకు రావు. మేస్త్రీలు ఎప్పుడూ మేస్త్రీలే.

1882లో జర్మన్ పండితుడు ఆగస్ట్ మావ్ ఈ గోడలను నాలుగు శైలులుగా విడదీశాడు. మొదటిది సున్నంతోనే పాలరాతి దిమ్మెలున్నట్టు భ్రమ కల్పించేది. రెండోది, క్రీ.పూ. 80 ప్రాంతం నుంచి, గోడ చీల్చుకుని స్తంభాలు, వీధులు, తోటలు కనిపించేలా గీసేది. మూడోది అగస్టస్ కాలానిది: మళ్ళీ చదునైన రంగు, గడ్డిపోచల్లాంటి సన్నని స్తంభాలు, నడుమ చిన్న బొమ్మ. నాలుగోది అన్నీ కలిపినది. వెట్టీల ఇల్లు, నీరో బంగారు భవనం ఈ కోవకు చెందుతాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇవి ఒకదాని తర్వాత ఒకటి తెగ్గొట్టినట్టు మారిన ఫ్యాషన్లు కావు. వందేళ్ళ నాటి రెండో శైలి గదిని చెరపకుండా కాపాడుకుంటూ, పక్క గదిలో నాలుగో శైలి వేయించుకున్న ఇళ్ళున్నాయి. ఇంకో మాట: మావ్ వర్గీకరణ పాంపీ చుట్టుపక్కల గోడల మీద కట్టినది. క్రీ.శ. 79 తర్వాత రోమన్ సామ్రాజ్యం మూడు నాలుగు వందల ఏళ్ళు ఉంది. ఆ కాలపు ఇళ్ళకు ఈ నాలుగు అంకెలు అతకవు.

‘పాంపీ ఎరుపు’ గురించిన వాదన ఇంకా ఆసక్తికరం. పసుపు పచ్చని మట్టిరంగును సుమారు 300 డిగ్రీల దాకా వేడి చేస్తే అందులోని నీరు పోయి ఎర్రబడుతుంది. కాబట్టి నేడు ఎర్రగా కనిపించే గోడల్లో కొన్ని నిజానికి పసుపు గోడలనీ, అగ్నిపర్వతపు వేడి వాటిని ఎరుపు చేసిందనీ 2011లో ఇటలీ పరిశోధకులు చెప్పారు. ఒకే గోడ మీద సగం పసుపు, సగం ఎరుపు ఉన్నచోట, ఆ మధ్య గీత మబ్బులా అలుక్కుపోయి ఉన్నచోట ఈ వాదన బలంగా నిలుస్తుంది. అలాగని ఎరుపంతా అబద్ధం అనడానికి లేదు. ఎర్రమట్టి రంగు, దానికంటే ఎంతో ఖరీదైన ఇంగిలీకం ఇళ్ళలో వాడారనడానికి రాతలూ, రంగు పరీక్షలూ ఉన్నాయి. పసుపు మట్టిని కాల్చి ఎరుపు చేయడం రోమన్లకూ తెలుసు, విట్రూవియస్ ఆ పద్ధతి రాశాడు కూడా.

ఇంగిలీకం కథ ఒకటి ఆయనే చెప్పాడు. ఫాబెరియస్ అనే లేఖకుడు రోములో తన ఇంటి స్తంభాల వసారా గోడలన్నిటికీ ఇంగిలీకం వేయించాడు. ఎండ తగిలే చోటు. 30 రోజులకే గోడలు మచ్చలు పడి వికారంగా తయారయ్యాయి. మళ్ళీ వేరే రంగులు వేయించుకున్నాడు. ఇలాంటి ఖరీదు రంగులను పెయింటరు తేడు, ఇంటి యజమానే కొని ఇవ్వాలి. ప్లినీ ఇచ్చిన ఆ ఖరీదు రంగుల పట్టికలో మన దేశపు నీలిమందు కూడా ఉంది, ‘ఇండికం’ అన్న పేరుతో.

నేల గురించి ఎక్కువ చెప్పను. మామూలు గదికి సున్నంలో పెంకు పొడి కలిపిన గచ్చు చాలు. డబ్బుంటే మొజాయిక్. పాంపీలో ‘ఫాన్ ఇల్లు’లో 1831లో దొరికిన అలెగ్జాండర్ యుద్ధచిత్రం 5.82 మీటర్ల పొడవు, 3.13 మీటర్ల వెడల్పు. పదిహేను లక్షల ముక్కలని అంచనా. నడిచే నేల మీద పరిచిన బొమ్మ అది.

## ఏ గది ఎందుకు? పండితుల మధ్య పేచీ

ఏట్రియం అనే ముందరి హాలు మన మండువాలాగే మధ్యలో ఆకాశానికి తెరిచి, వాననీరు తొట్టిలో పడేలా ఉంటుంది. విట్రూవియస్ ప్రకారం అది పిలవకుండానే ఎవరైనా రాగల చోటు. పడకగది, విందుగది పిలిస్తేనే. దీన్ని బట్టి ఏట్రియం అంటే అద్దంలా సర్దిపెట్టిన దర్బారు హాలు అని చాలాకాలం ఊహాచిత్రాలు గీశారు.

తర్వాతి పరిశోధకులు వస్తువులు ఎక్కడ దొరికాయో లెక్క తీశారు. పాంపీలో 30 పెద్ద ఇళ్ళను అలా గది గదీ పరిశీలిస్తే, ఏట్రియంలలో బీరువాలు, పెట్టెలు, పాత్రలు, నేతమగ్గపు బరువులు కనపడ్డాయి. అంటే దర్బారు నడిచే చోటే ఇంటి పనీ నడిచింది. దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే: 79కి ముందు 62లోనో 63లోనో పెద్ద భూకంపం వచ్చింది, చాలా ఇళ్ళు మరమ్మతుల్లో ఉన్నాయి, సామాను తాత్కాలికంగా హాల్లోకి చేరి ఉండొచ్చు, పారిపోయేవాళ్ళు కూడా వస్తువులు కదిపి ఉంటారు. నాకు మొదటి వాదనే ఎక్కువ సబబుగా తోస్తుంది. పొద్దున అతిథులు వచ్చి వెళ్ళిన హాల్లోనే మధ్యాహ్నం మగ్గం వేయడానికి అడ్డేముంది? కదిలించగల తేలికపాటి సామాను ఉన్న ఇంట్లో ఒక గదికి ఒకే పని ఉండాలన్నది మన కాలపు ఆలోచన.

## తలలో రంధ్రం ఉన్న దంతపు బొమ్మ

చివరికి, మన దగ్గర ఎక్కువగా ఫార్వర్డ్ అయ్యే వస్తువు. 1938లో పురావస్తు శాస్త్రవేత్త అమెదెయో మైయూరి పాంపీలోని ఒక ఇంట్లో దాదాపు పాతిక సెంటీమీటర్ల ఏనుగుదంతపు స్త్రీమూర్తిని వెలికితీశాడు. ఒంటినిండా నగలు, చెరో పక్క చిన్న పరిచారికలు. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ‘పాంపీ లక్ష్మి’ అనే పేరు పడింది. రోమన్లు ఇంట్లో లక్ష్మీదేవిని పూజించారని దాంతోపాటు సందేశాలు తిరుగుతున్నాయి. పూజ జరిగిందనడానికి ఏ ఆధారమూ లేదు. లక్ష్మి అన్న గుర్తింపు కూడా సందేహమే, సాంచీ తోరణాల మీది యక్షిణులకే ఈ మూర్తి దగ్గరని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు.

ఎక్కడ చెక్కారన్నదీ తేలలేదు. పీఠం మీద ఖరోష్ఠి అక్షరం ఒకటి ఉంది. అది వాయవ్య భారతపు లిపి. కానీ ఈ బొమ్మను పోలిన దంతపు బొమ్మలు మహారాష్ట్రలోని భోకర్దన్‌లో, తేర్‌లో దొరికాయి. రెండూ శాతవాహనుల కాలపు ఊళ్ళే. తేర్ అంటే పాత తగర. తగర నుంచి, పైఠన్ నుంచి సరుకు బళ్ళ మీద భరూచ్ రేవుకు వెళ్ళేదని క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల దారిపుస్తకం చెబుతుంది. అదే పుస్తకం మన మచిలీపట్నం ప్రాంతాన్ని ‘మసాలియా’ అని పిలిచి, అక్కడ సన్నని నూలుబట్ట విరివిగా నేస్తారంది. బొమ్మ తెలుగునేల మీద చెక్కిందని చెప్పడానికి లేదు గానీ, అది ప్రయాణించిన వ్యాపారంలో తెలుగువాళ్ళకూ పాలుందని చెప్పొచ్చు. తెలంగాణ, ఆంధ్రల్లో దొరికిన రోమన్ నాణేలు దానికి రెండో చివర.

దంతానికి రోములో ఉన్న గిరాకీని ప్లినీ ఒక్క మాటలో చెప్పాడు: పెద్ద దంతం ఇప్పుడు భారతదేశం నుంచి తప్ప అరుదైపోయింది, మిగతాదంతా మన విలాసానికే అయిపోయింది, అందుకే ఎముకలను కూడా పలకలుగా కోయడం మొదలుపెట్టారు. మెట్రొపాలిటన్ మంచానికి ఎముక చెక్కడాలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

ఇక ఆ బొమ్మ దేనికి వాడారు? నడినెత్తి నుంచి కిందికి ఒక రంధ్రం తొలిచి ఉంది. అద్దం పిడి అని మొదట అనుకున్నారు. అద్దం పిడిగా పట్టుకోవడానికి ఆ ముగ్గురు స్త్రీల అడుగుభాగం వెడల్పు, చేతిలో ఇమడదు. ఇలాంటివే ఇంకో రెండు బొమ్మలతో కలిసి ముక్కాలి బల్లకో, పేటికకో కాలై ఉంటుందన్నది తర్వాత వచ్చిన వాదన, నాకూ అదే కుదురుగా తోస్తుంది. ఆమె నెత్తిన ఒక చెక్క కూసం దిగి, దాని మీద ఒక పలక నిలిచి ఉండాలి. ఆ పలకా లేదు, మిగతా రెండు కాళ్ళూ లేవు. రంధ్రం మాత్రం అలాగే ఉంది.